కాంప్లెక్స్ పక్కనా, బీచ్ రోడ్డులోనా?

వచ్చే నెల మా ఆవిడ పిన్ని, బాబాయి వరంగల్ నుంచి మూడు రోజులకి వైజాగ్ వస్తున్నారు. మాది ఎం.వి.పి. కాలనీలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, పిన్నికి మోకాళ్ళ నొప్పులు, కాబట్టి హోటల్ తప్పదు. ఎక్కడ బుక్ చెయ్యాలని ఆదివారం పొద్దున్న అక్కాతమ్ముళ్ళు పడిన గొడవ ఇది. నేను పేపరు చాటున విన్నాను.

మా ఆవిడ: ఇందులో ఆలోచించేదేముందిరా, బీచ్ రోడ్డే. వరంగల్ వాళ్ళు ఇక్కడికి సముద్రం కోసం కాక దేనికొస్తారు?

బావమరిది: సముద్రం ఎక్కడికీ పోదక్కా. ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర తీసుకో. సింహాచలానికి బస్సు అక్కడే, భీమిలికీ అక్కడే, రైల్వే స్టేషన్ రెండు మూడు కిలోమీటర్లు, కిందకి దిగితే ఇడ్లీ, మందుల షాపు.

మా ఆవిడ: హారన్లు కూడా. పోయినేడాది మా ఆడపడుచు వాళ్ళని అక్కడే దింపాం, రోడ్డు వైపు గది. పాపం మూడు రాత్రులూ చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది.

బావమరిది: వెనక వైపు గది అడగాల్సింది. మరి నీ సీ వ్యూ సంగతో? మా ఆఫీసు వాళ్ళొస్తే వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి తీసుకున్నాం. బాల్కనీలో కుడి చివర నిలబడి మెడ చాపితే రెండు అపార్ట్‌మెంట్ల మధ్య జానెడు నీలం కనపడింది. ఏసీ ఉప్పుగాలికి తుప్పు పట్టి రాత్రంతా గురక పెట్టింది.

(నాకు నవ్వాగలేదు. పేపరు కదిలింది, మా ఆవిడ చూసింది.)

మా ఆవిడ: ఒక్క హోటల్ చూసి బీచ్ రోడ్డంతా అంతే అంటావా? తెల్లారగట్ల అక్కడ బళ్ళు ఆపేస్తారు, పిన్ని రోడ్డు మధ్యలో నడుచుకుంటూ కాళీమాత గుడి దాకా వెళ్ళొస్తుంది. కురుసుర సబ్‌మెరైన్, ఎదురుగా టీయూ-142 విమానం చూస్తారు, సాయంత్రం మురీ మిక్స్చర్ పొట్లం పట్టుకుని గట్టు మీద కూర్చుంటారు. ఆటో ఖర్చే లేదు.

బావమరిది: సబ్‌మెరైన్లో ఆ గుండ్రటి కంతల్లోంచి కాలెత్తి దూరాలి. పిన్ని దూరుతుందా?

మా ఆవిడ: బాబాయి దూరతాడు, ఆవిడ బయట కూర్చుంటుంది. అసలు నన్నడిగితే ఋషికొండ ఇంకా బాగుంటుంది. బీచ్ రోడ్డు పక్కనున్న ఆర్కే బీచ్‌లో అలలు కాళ్ళ కింద ఇసుక లాగేస్తాయి. ఋషికొండ శుభ్రం, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా 2020లో వచ్చింది.

బావమరిది: ఋషికొండా! రెండో రోజు అరకు అన్నావు కదా, ఆ రైలు ఏడు లోపే బయల్దేరుతుంది. ఋషికొండ నుంచి స్టేషన్ దాదాపు 15 కిలోమీటర్లు. ఐదింటికి లేచి క్యాబ్ బుక్ చేస్తే వాడు ఒప్పుకుంటాడు, ఐదు నిమిషాలు మ్యాపులో అక్కడే నిలబడతాడు, తర్వాత క్యాన్సిల్. ఆ టెన్షన్ నేను పడ్డాను, పరిగెత్తి చివరి బోగీ ఎక్కాను. బాబాయి పరిగెడతాడు సరే, పిన్ని?

(ఇక్కడ మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళు గది బొమ్మ చూసి బుక్ చేస్తారు గానీ పొద్దున్న ఎన్నింటికి ఎటు వెళ్ళాలో చూడరు. ఆ మాటకొస్తే మా బావమరిది కూడా మ్యాపే చూస్తాడు, సాయంత్రం ఆరింటికి ఆ కాంప్లెక్స్ జంక్షన్ దాటి చూడమనండి.)

మా ఆవిడ: సరే, ఋషికొండ వద్దు. బీచ్ రోడ్డుకి కొంచెం వెనక, పాండురంగాపురంలో? గొడవుండదు, స్టేషన్ కూడా మరీ దూరం కాదు.

బావమరిది: బీచ్‌కి ఆ డౌన్ దిగడం బాగానే ఉంటుంది. ఎక్కేటప్పుడు?

మా ఆవిడ: ఎక్కేటప్పుడు ఆటో. ముప్పై నలభై రూపాయల దగ్గర ఏడవకు, నేనిస్తాను.

బావమరిది: లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుంటేనే ఒప్పుకుంటా. ఇంతకీ వాళ్ళ రైలు ఎన్నింటికి? టికెట్ పంపారా?

(మా ఆవిడ ఫోన్ తీసి టికెట్ చూపించింది. వైజాగ్ స్టేషన్లోకి వస్తే ఇంజన్ అటు నుంచి ఇటు మార్చాలని కొన్ని రైళ్ళు ఊళ్ళోకి రాకుండా, ఊరి బయట స్టేషన్లోనే ఆగి వెళ్ళిపోతాయి. ఇదీ ఆ బాపతే.)

బావమరిది: దువ్వాడ, 4:10. తెల్లవారుజామున.

మా ఆవిడ: కారు నీకే ఉంది కదరా.

బావమరిది: బావా, ఆ పేపరు దించు ఒకసారి.