ఏమీ జరగదంటున్న మంత్రగత్తెల మాంగాల్లో ఏం జరుగుతుందంటే

"నలుగురు అమ్మాయిలు, ఒక పిల్లి, టీ కప్పులు. కథ ఉండదు. మంత్రం ఉత్త అలంకారం. హ్యారీ పాటర్ కాపీ. చిన్నపిల్లల సరుకు. గీయడం కూడా తేలికే." మంత్రగత్తెల స్లైస్ ఆఫ్ లైఫ్ మాంగాల (రోజువారీ బతుకును చూపే జపాన్ బొమ్మల కథల) మీద ఈ మాట తెగ షేర్ అవుతోంది. గాల్లో వాదించడం ఎందుకు, ఒక్క పుస్తకం మీద పెట్టి చూద్దాం: చిహిరో ఇషిజుకా 'ఫ్లయింగ్ విచ్'. 2012లో మొదలైంది, 2016లో 12 ఎపిసోడ్ల ఆనిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) వచ్చింది. పదిహేనేళ్ల మకొతో తన నల్లపిల్లి చీతోని వెంటబెట్టుకుని, యొకొహామా నుంచి జపాన్ ఉత్తరాన అవొమొరిలోని హిరొసాకి ఊళ్లో చుట్టాలింటికి వస్తుంది. మూలకథ అంతే.

కథ లేదంటారా? మొదట్లోనే వచ్చే మాండ్రేక్ ఘట్టం చూడండి. బడి నుంచి ఇంటికొస్తూ మకొతో దారి పక్కన ఒక మొక్క పట్టుకుని లాగుతుంది. మనిషి ఆకారపు వేరు గొంతు చించుకుని అరుస్తూ బయటికొస్తుంది. యూరప్ జానపద నమ్మకం ప్రకారం ఆ అరుపు విన్నవాళ్లు బతకరు. మకొతో మాత్రం సంబరంగా దాన్ని కొత్త స్నేహితురాలు నావో చేతిలో పెట్టబోతుంది. మంత్రగత్తెల లెక్కలో అది అపురూపమైన కానుక. నావో వద్దంటే వద్దంటుంది. ఒకరికి విలువైనది ఇంకొకరికి హడలు పుట్టించేది. అయినా రేపు ఇద్దరూ కలిసే బడికెళ్లాలి. ఇక్కడ గొడవ లేకపోవచ్చు, చిక్కుముడి మాత్రం ఉంది. ఆ ఇంటి చిన్నపిల్ల చినత్సు సంగతీ అంతే. మొదట మకొతోని అనుమానంగా చూస్తుంది. దుకాణంలో చీపురు మీద తేలడం చూసి నోరెళ్లబెడుతుంది. తర్వాత తనే మంత్రగత్తె కావాలని శిష్యరికంలో చేరుతుంది. ఇది కథ కాకపోతే మరేమిటి?

మంత్రం అలంకారమేనన్న మాటకూ అక్కడే జవాబుంది. మాండ్రేక్ బదులు ముల్లంగి పెట్టండి, ఘట్టం కూలిపోతుంది. అయితే ఈ ఆరోపణకు తగిన పుస్తకాలు లేకపోలేదు. వాటిలో తప్పు ఎక్కడంటే, మంత్రం అన్ని పనులూ చేసిపెట్టేస్తుంది. వంట కావాలి, కర్ర తిప్పారు, అయిపోయింది. ఇక పక్కనున్న స్నేహితురాలికి చేయడానికేం మిగిలింది? చప్పట్లు కొట్టడమే. మంత్రం కొత్త పనిని నెత్తిన వేయాలి, ఆ పనికి ఇంకో మనిషి సాయం కావాలి. స్నేహం అక్కడ కుదురుతుంది.

ఈ కథను నడిపే గడియారం ఋతువు. హిరొసాకిలో ఏప్రిల్‌లో కూడా మంచు కుప్పలు కనిపిస్తాయి. మంచు కరుగుతుంటే బక్కె అనే చేదు మొక్క మొగ్గలు నేల చీల్చుకుని వస్తాయి, వాటిని పిండిలో ముంచి టెంపురా వేస్తారు. మనకు ఉగాదినాటి వేపపువ్వులాగా ఆ చేదే వసంతానికి గుర్తు. ఏప్రిల్ చివర్లో కోట పార్కులో చెర్రీ పూలు, మే నెలలో ఆపిల్ పూలు. ఈ వరుస తెలియకపోతే రెండు అధ్యాయాల మధ్య ఏం మారిందో కంటపడదు.

చదివే తీరు వల్ల కూడా సగం నష్టం జరుగుతోంది. ఫోన్లో నిలువుగా స్క్రోల్ చేస్తే ఎదురెదురు పేజీలు విడిపోతాయి, మాటల్లేని గడి (పేజీలో ఒక్కో బొమ్మ ఉండే చట్రం) అరక్షణంలో దాటిపోతుంది. ఆ గడి పెట్టిందే చూపు ఆగడానికి. ఫోన్ అడ్డంగా తిప్పి, రెండు పేజీల పద్ధతి పెట్టుకుని, కుడి నుంచి ఎడమకు చదవండి.

హ్యారీ పాటర్ కాపీ అంటారా? ఆ మొదటి పుస్తకం 1997లో వచ్చింది. జపాన్‌లో మిత్సుతెరు యొకొయామా గీసిన చిన్నారి మంత్రగత్తె మాంగా 'సాలీ' 1966 నాటిది. దాని మీద ప్రభావం ఎవరిదంటే 'బివిచ్డ్' అనే అమెరికా టీవీ సీరియల్‌ది. పదమూడేళ్లకు ఇల్లు విడిచే మంత్రగత్తె 'కికి' నవలను ఎయికో కదొనో 1985లోనే రాసింది. ఎవరు ఎవరిని కాపీ కొట్టినట్టు?

చిన్నపిల్లల సరుకు అన్నవాళ్లకు ఒక్క ముక్క చాలు. ఫ్లయింగ్ విచ్ వచ్చేది కొదాన్షా ప్రచురణ సంస్థ వారి 'బెస్సత్సు షోనెన్ మ్యాగజైన్'లో. మనుషుల్ని నమిలే రాక్షసుల 'అటాక్ ఆన్ టైటన్' 2021లో ముగిసేదాకా వచ్చిందీ అందులోనే.

ఇక గీయడం. పోరాట ఘట్టంలో వెనక వేగపు గీతలు లాగి, నేపథ్యం ఖాళీగా వదిలేసినా ఎవరూ అడగరు. వంటగది గడిలో ఆ వెసులుబాటు లేదు. కిటికీ ఏ పక్కనుందో, మనిషి పక్కన బల్ల ఎంత ఎత్తుందో, వెలుగు ఎటునుంచి పడుతోందో ప్రతి గడిలోనూ సరిపోవాలి. ఒకే గది ఇరవైసార్లు వస్తే ఇరవైసార్లూ అదే గది అనిపించాలి. పైగా ఇందులో ఊరు నిజమైనది. కథలోని మంత్రగత్తెల కాఫీ హోటల్‌కు నమూనా హిరొసాకిలో ఫుజితా స్మారక ఉద్యానవనంలోని తైషో రోమన్ టీ గది. అభిమానులు పుస్తకం పట్టుకుని అక్కడికే వెళ్లి, కిటికీలతో సహా పోల్చి చూసుకుంటారు.