సవరణ: కోపం, కాలేయం గురించి మొన్నటి పోస్టు

"కోపం కాలేయాన్ని దెబ్బతీస్తుందని చైనా సంప్రదాయ వైద్యం చెబుతుంది" అన్న మొన్నటి పోస్టు చదివి, కోపమొస్తే లివర్ పాడైపోతుందేమోనని కొందరు టెన్షన్ పడుతున్నారు కాబట్టి ఈ వివరణ. ఆ వైద్యంలో కోపం, సంతోషం, దిగులు, భయం లాంటి ఏడు భావాలూ సహజమే. హఠాత్తుగా ముంచెత్తితేనో, చాలాకాలం లోపలే మగ్గిపోతేనో జబ్బుకు దారితీస్తాయి. అతి సంతోషం కూడా గుండెకు చేటే అంటారు! కోపంతో 'చీ' అనే ప్రాణశక్తి పైకి తన్నుకొస్తుందని, అందుకే మొహం ఎర్రబడి తల పగిలిపోతున్నట్టు ఉంటుందని, భయంతో అది కిందికి జారుతుందని, అదేపనిగా ఆలోచిస్తే ముడిపడి ఆకలి చచ్చిపోతుందని వాళ్ల లెక్క. అక్కడ కాలేయమంటే స్కానింగ్‌లో కనిపించే అవయవం ఒక్కటే కాదు, చీ సాఫీగా పారేలా చూసే వ్యవస్థ. కళ్లు పచ్చబడితే మాత్రం కోపం తగ్గించుకుంటే చాలనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి.