మన తరఫు మీడియేటరు

మా బావమరిది డాలస్‌లో ఇల్లు కొన్నాడు. ఆ సందర్భంగా ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఫోన్ చేసి నాకు గంటసేపు క్లాసు పీకాడు. అక్కడ అమ్మేవాడికో ఏజెంటు, కొనేవాడికో ఏజెంటు ఉంటారట. 2024 ఆగస్టు నుంచైతే కొనేవాడు ఇల్లు చూడ్డానికి వెళ్ళకముందే తన ఏజెంటుతో కాగితం రాసుకోవాలట, ఎంత ఇచ్చేదీ అందులోనే అంకె వెయ్యాలట. "బావా, సైటు సంగతి తర్వాత. ముందు నీ తరఫున మాట్లాడే మనిషిని వెతుక్కో" అన్నాడు.

మంచి మాట ఎవరు చెప్పినా వినే అలవాటు నాది. రిటైరయ్యాక వచ్చిన డబ్బు బ్యాంకులో పడుంది. పోరంకి వైపో కంకిపాడు వైపో అయిదు సెంట్లు చూసుకుందామని మా ఆవిడా నేనూ అనుకుని ఏడాదయింది. అందుకని నా తరఫు మనిషిని ఎంచుకునే కార్యక్రమం పద్ధతిగా మొదలుపెట్టాను. ముందు చట్టం చదివాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 182వ సెక్షన్ ప్రకారం ఏజెంటంటే ఇంకొకరి పని చేసిపెట్టడానికి, బయటివాళ్ళతో వ్యవహారాల్లో ఆ ఇంకొకరి తరఫున నిలబడడానికి పెట్టుకున్న మనిషి. చదవగానే కళ్ళు చెమర్చాయి. బెజవాడలో అలాంటివాడు దొరికితే సన్మానం చేద్దామని వన్‌టౌన్‌లో ఒక శాలువా కూడా కొన్నాను. అది ఇంకా మడత విప్పకుండా బీరువాలో ఉంది.

మీడియేటర్ని ఎంచుకోవడంలో మొదటి ఇబ్బంది ఏమిటంటే, మనకా అవకాశం రాదు. సైటు కొనే ఆలోచన ఉందని నేను చెప్పింది ఒక్కరికే, పోరంకి సెంటర్లో టీ కొట్టాయనకి. అదీ చిల్లర కోసం నిలబడి మాటవరసకి. సాయంత్రానికి తొమ్మిది ఫోన్లు వచ్చాయి. అందరూ "బాబాయ్" అనే పిలిచారు. మా వంశంలో పుట్టనంతమంది అన్నల కొడుకులు ఒక్క పూటలో పుట్టుకొచ్చారు. వాళ్ళలో ఒకాయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అయినా సరే, కమీషన్ ఇచ్చేవాడు బాబాయే.

ఆ తొమ్మిదిమందిలో అందరికంటే తక్కువ మాట్లాడినవాణ్ణి ఎంచుకున్నాను. అతని ఫోన్లో చార్జింగ్ అయిపోయిందని తర్వాత తెలిసింది.

మర్నాడు ఇంటికొచ్చాడు. ప్రశ్నలన్నీ ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మొదటి ప్రశ్నే గట్టిది: "మీరు ఎవరి తరఫండి?"

"మన తరఫే బాబాయ్."

పాపం ఇంగ్లీషులో ఈ మాట లేదు. వాళ్ళకి 'మా'కీ 'మన'కీ కలిపి ఒకటే ముక్క. అందుకే అమ్మేవాడికి ఒకణ్ణీ కొనేవాడికి ఒకణ్ణీ విడివిడిగా పెట్టుకోవలసిన ఖర్మ పట్టింది. తెలుగులో ఒక్క 'మన' వేస్తే ఇద్దరూ అందులోనే సర్దుకుంటారు. ఇద్దరే కాదు, ఇంకా ఎంతమంది పడతారో సైటు దగ్గరికి వెళ్ళాక చూశాను.

అతని బండి మీదే వెళ్ళాం. అక్కడ అప్పటికే నాలుగు బండ్లు స్టాండు వేసి ఉన్నాయి. ఒకాయన ఓనరు తరఫు మీడియేటరు. రెండో ఆయన, ఆ ఓనరు తరఫాయన్ని మావాడికి పరిచయం చేసిన మనిషి. మూడో ఆయన గతంలో పక్క సైటు అమ్మించాడు, ఆ హక్కు మీద వచ్చాడు. నాలుగో ఆయన ఎవరో ఎవరికీ తెలీదు గానీ, అగ్రిమెంటు రోజున ఆయన వాటా మాత్రం ఉంటుందని మిగతా అందరికీ తెలుసు. ఒక్క ఓనరే లేడు. హైదరాబాద్‌లో ఉంటాడట. "మన సైటు బాబాయ్" అన్నారు నలుగురూ ఒకేసారి. ఆ స్థలం ఇంతమందిదని ఆయనకి తెలుసో లేదో.

"తూర్పు ఫేసింగ్ బిట్టు, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు" అన్నాడు మావాడు. సాయంత్రం అయిదున్నర. రోడ్డు మీద నించుని సైటుకి వీపు పెట్టి చూస్తే ఎండ సూటిగా మొహానికి కొడుతోంది. కళ్ళు మూసుకోమన్నది అందుకే కాబోలు.

ఆ తర్వాత కొలతల మాట వచ్చింది. "అయిదు సెంట్లు, రెండొందల యాభై గజాలు" అన్నాడు. సెంటంటే 48.4 గజాలు, అయిదు సెంట్లకి 242 అని నేను గొణిగాను. "బాబాయ్ లెక్కల మాస్టారా?" అని ఆ నాలుగో ఆయన అడిగాడు, జాలిగా. గజం ముప్పై వేలు చెబుతున్నారు. ఆ లెక్కన భూమ్మీద ఎక్కడా లేని ఆ ఎనిమిది గజాల ఖరీదు 2,40,000. నా తరఫు మనిషి నా భుజం మీద చెయ్యేసి, "రౌండ్ ఫిగర్ బాబాయ్, మాట్లాడుకోడానికి సుఖంగా ఉంటుంది" అన్నాడు. రాత్రి ఇంటికొచ్చి ఆ సుఖం ఎంతో కట్టి చూశాను. 2 శాతం కమీషన్ మీద లేని ఎనిమిది గజాలకి వచ్చేది 4,800. దాన్ని అయిదుగురు పంచుకోవాలి, మనిషికి 960. కేవలం 960 రూపాయల కోసం నాకు రెండు లక్షల నలభై వేల నష్టం చేసిపెట్టడానికి సిద్ధపడ్డ మనిషిని స్వార్థపరుడనడానికి నాకు నోరు రాలేదు.

కాగితాలు తెచ్చిచ్చాడు. జిరాక్సుకి జిరాక్సు తీసి, దానికి మళ్ళీ జిరాక్సు తీసిన సెట్టు. సర్వే నంబర్లో ఒక అంకె మూడో ఎనిమిదో తేలదు. లింకు డాక్యుమెంటులో, అంటే అంతకుముందు ఓనర్ల దస్తావేజులో, దక్షిణం హద్దు ఉండాల్సిన చోట నల్లటి మచ్చ. ఆ మచ్చ కింద ఎవరిదో పశువుల పాక ఉండొచ్చు, పంట కాలవ ఉండొచ్చు. "ఈసీ తీయించారా?" అన్నాను, సైటు మీద పాత లావాదేవీలూ తాకట్లూ చూపించే కాగితం అది. "ఎందుకు బాబాయ్ లేనిపోని టెన్షన్? క్లియర్ టైటిల్" అన్నాడు. 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే అసలు రిజిస్ట్రేషనే జరగదు కదా, అదైనా చూశారా అంటే, "అక్కడ కూడా మనవాళ్ళున్నారు" అన్నాడు. మళ్ళీ 'మన'.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చే నంబరు ఉందా అని కూడా అడిగాను. "అది వెంచర్లకి బాబాయ్, మనకెందుకు" అన్నాడు. న్యాయంగా చెప్పాలంటే ఈ ఒక్క చోట మావాడిది తప్పు కాదు. 2016 నాటి చట్టం రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టుల్లో ప్లాట్లూ ఫ్లాట్లూ అమ్మించే ఏజెంటుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అది లేకుండా అమ్మిస్తే రోజుకి పదివేలు జరిమానా, ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా. ఒకరి పాత సైటు ఇంకొకరు కొనుక్కుంటే ఆ నంబరుతో పనిలేదు. ఏజెంటు లెక్కల పుస్తకాలు ఉంచాలని కూడా అదే చట్టంలో ఉంది. మావాడి దగ్గర అవీ ఉన్నాయి, ఎవరిదో పెళ్ళి శుభలేఖ వెనకాల. చిరంజీవి అటువైపు, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి ఇటువైపు, మధ్యలో నా అయిదు సెంట్లు.

ఇంకో నాలుగు చూద్దాం, తొందరేముంది అంటే, "ఇదే కరెక్ట్ టైం బాబాయ్" అన్నాడు. ఈ మాట నాకు పాతదే. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు విన్నాను, రేట్లు పెరుగుతున్నాయి కాబట్టి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చి తుళ్ళూరు వైపు అడిగే నాథుడు లేనప్పుడు కూడా విన్నాను, పడిపోయాయి కాబట్టి. 2025 మేలో పనులు మళ్ళీ మొదలైనప్పుడు విన్నాను, మళ్ళీ పెరుగుతాయి కాబట్టి. మన పంచాంగాల్లో మూఢాలున్నాయి, శూన్యమాసాలున్నాయి. మీడియేటరు పంచాంగంలో మాత్రం దుర్ముహూర్తం లేదు. ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా నేను మెత్తబడ్డాను. బయానా కింద యాభై వేలు తీసి కవర్లో పెట్టాను.

సైటు మా ఆవిడకి నచ్చకపోతుందేమోనని అతను ముందుజాగ్రత్తగా సింగ్ నగర్ వైపు ఒక ఫ్లాటు కూడా చూపిస్తానన్నాడు. ఆ రోజు ఆవిడ కూడా వచ్చింది. కింద పార్కింగులో స్తంభాలకి కొత్తగా రంగు వేశారు. ఛాతీ ఎత్తు దాకా ముదురు రంగు, పైన లేత రంగు. చివరి స్తంభం దగ్గర పెయింటరు కాస్త బద్ధకించాడు. అక్కడ రెండు రంగులు కలిసే చోట మట్టి గీత, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఎంత ఎత్తున నిలబడిందో ఆ చుట్టుపక్కల చిన్నపిల్లాణ్ణి అడిగినా చెయ్యి పెట్టి చూపిస్తాడు. "మరి ఇక్కడ నీళ్ళ సంగతి?" అన్నాను.

మావాడు తడుముకోలేదు. "నీళ్ళకి లోటే లేదు బాబాయ్, పుష్కలం."

నాతో అతను ఆడిన పచ్చి నిజం అదొక్కటే.

మా ఆవిడ అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ గీతని వేలితో ఒకసారి గోకి చూసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, "ఇంతమందికి ఇళ్ళు ఇప్పించావు కదా నాయనా, నీ ఇల్లెక్కడ?" అంది.

"పటమటలో పిన్నీ. రెంటుకుంటున్నాం."

"అదేమిటి? సొంతానికి కొనుక్కోలేదూ?"

మావాడు అటూ ఇటూ చూశాడు. వాచ్‌మన్ దూరంగా ఉన్నాడని చూసుకుని గొంతు తగ్గించాడు. పరిచయమైన ఇన్నాళ్ళలో మొదటిసారి 'మన' లేకుండా మాట్లాడాడు.

"నేనా? ఇప్పుడు రేట్లు బాగా ఎక్కువున్నాయి పిన్నీ. కాస్త తగ్గాక చూద్దామని ఆగాను."

మా ఆవిడ నా చొక్కా జేబులోంచి బయానా కవరు తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగింది.