తీరని నోటు

మైకు ముందు మాట్లాడితే చాలు, ఆ మాట అప్పటికప్పుడే తెరమీద తెలుగు అక్షరాలై ప్రత్యక్షమవుతుందని చెప్పుకొనే కంప్యూటర్ అప్లికేషన్ ఒకదానికి మా కాలనీ సంఘం సగౌరవంగా చందా కట్టింది. దాని ప్రథమ సేవకు తగిన సందర్భం కూడా దొరికింది: జీవితమంతా పిల్లల హ్రస్వదీర్ఘాలు దిద్దిన మా తెలుగు మాస్టారి సంతాపసభ. వినికిడి తగ్గిన పెద్దలు చదువుకుంటారన్న సదుద్దేశంతో ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించారు. మా అమ్మను నేనే తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టాను.

అధ్యక్షులవారు గద్గద స్వరంతో "మాస్టారి లోటు తీరనిది" అన్నారు. తెరమీద "మాస్టారి నోటు తీరనిది" అని పడింది. తరువాతి వక్త "ఆ లోటు మనందరిదీ" అని ఓదార్చబోగా, "ఆ నోటు మనందరిదీ" అని తెర ప్రకటించింది. వెనుక వరుసలోని ఇద్దరు, హామీ సంతకం పెట్టినవారిలా, నిశ్శబ్దంగా లేచి వెళ్ళిపోయారు. ముక్కుమీదికి జారిన కళ్ళజోడుతో ఆయన పాఠం చెప్పే తీరును ఒకరు గుర్తుచేసుకుంటే, తెర ఆ ముక్కుమీదికి కాళ్ళజోడు జార్చింది. ఈ యంత్రం ధ్వనిని ముక్కలుగా కోసుకొని అర్థం చేసుకుంటుంది. "ఆయన్ను మరిచిపోలేకపోతున్నాం" అని శిష్యుడొకడు విలపించగా కత్తి సరిగ్గా నడుమ పడి, "ఆయన్ను మరిచిపో" అన్న ఆజ్ఞ ఒక పంక్తిలోనూ, "లేక పోతున్నాం" అన్న వీడ్కోలు మరో పంక్తిలోనూ తేలాయి.

తరువాత రెండు నిమిషాలు మౌనం పాటించాం. యంత్రం పాటించలేదు. ఇంటర్నెట్ వీడియోలను, వాటి కింది అక్షరాలను బట్టీపట్టి పెరిగిన ఇటువంటి కృత్రిమ మేధ నమూనాలు, వినడానికేమీ లేనప్పుడు బట్టీపట్టిందే అప్పజెబుతాయి. తలలు వంచుకొని నిలబడిన మాకెదురుగా, మాస్టారి ఫొటో పక్కనే, "వీడియో నచ్చితే లైక్ చేసి మా ఛానెల్‌కు సబ్‌స్క్రైబ్ చేయండి" అని మూడుసార్లు వచ్చింది.

ఇక్కడినుంచి నవ్వడం నావల్ల కాదు. ఈ రంగంలో పేరుమోసిన విస్పర్ అనే నమూనా 2022లో వెలువడింది. తయారీదారుల పత్రం ప్రకారమే, దాని శిక్షణకు వాడిన 6,80,000 గంటల ధ్వనిలో, తెలుగు విని తెలుగులో రాయడం నేర్పడానికి కేటాయించినది 4.3 గంటలు. మా ఊరి వీధినాటకం ఒక్క రాత్రిలో అంతకన్నా ఎక్కువసేపు ఆడుతుంది! 2011 జనగణనలో 8 కోట్లమందికి పైగా మాతృభాషగా చెప్పుకున్న భాష ఇది. 2008లో ప్రాచీన హోదా వచ్చిందని శాలువాలు కప్పుకున్న భాష ఇది. రెండు సినిమాలపాటి సేపైనా తెలుగు విని తెలుగులో రాయడం నేర్వని యంత్రాలను చూపించి "తెలుగు కూడా వచ్చు" అని అమ్ముకునేవారికి సిగ్గుండాలి. చెవులున్న మనం తప్పును పట్టుకొని నవ్వుకుంటాం. వినపడని మనిషికి ఆ తెరే చెవి. అందులో ఏది పోస్తే అదే నిజం.

మొన్న సంతలో మాస్టారి అబ్బాయి ఎదురుపడితే, మా అమ్మ అతని చెయ్యి పట్టుకొని, "ఆ నోటు ఎంతకు రాశారు నాయనా, వడ్డీ ఏమైనా తగ్గిస్తామన్నారా?" అని అడిగింది.