లిఫ్టు గుంతలో పడ్డ కోపం

నిన్న పొద్దున సంగతి. నాకు ఆఫీసు లేటు, మావాడికి స్కూలు బస్సు ఇంకా లేటు. ఒక చేతిలో బ్యాగులు, ఇంకో చేతిలో వాడు, చంకలో స్కూలు వాళ్ళిచ్చిన భావోద్వేగాల చార్టు. లిఫ్టులో మాతోపాటే ఎక్కిన ఎదురింటి అంకుల్, పాపం సాయం చేద్దామనుకుని, బటన్ నొక్కేశారు.

నాలుగేళ్ళవాడు నొక్కాల్సిన బటన్ ఇంకొకరు నొక్కితే ఏమవుతుందో పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వాడు సరిగ్గా గడప మీద అడ్డంగా పడిపోయాడు, తల లోపల, కాళ్ళు బయట. తలుపు మూసుకోబోవడం, సెన్సార్‌కి వాడి పొట్ట అడ్డం రావడం, మళ్ళీ తెరుచుకోవడం.

మొన్నీమధ్యే స్కూల్లో తల్లిదండ్రులకి క్లాసు పీకారు. పిల్లలకి పెద్ద కోపం వస్తే మనం వాళ్ళ కళ్ళ ఎత్తుకి దిగాలి, ఆ భావానికి పేరు పెట్టాలి, తర్వాత చార్టులో రంగు చూపించమనాలి అని. చెప్పినావిడకి కుర్చీ ఉంది, ఏసీ ఉంది, ఎదురుగా ఒక్క పిల్లాడు కూడా లేడు. నేల మీద పడుకున్నవాడి కళ్ళ ఎత్తుకి దిగాలంటే ఎంత దిగాలో ఆవిడ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఇస్త్రీ చొక్కాతో మోచేతుల మీదకి దిగి, వీలైనంత మెత్తగా, "నీకు చాలా కోపంగా ఉంది కదా నాన్నా" అన్నాను.

"కోపం కాదూ! బటనూ!"

పేరు పెడితే తగ్గుతుందన్నది ఉత్తిమాట కాదు. 2007లో మాథ్యూ లీబర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం కొంతమందికి కోపంగా, భయంగా ఉన్న మొహాల ఫొటోలు చూపించి, అది ఏ భావమో మాటలో చెప్పిస్తే మెదడులో భయం, కోపం లాంటి వాటికి గంట కొట్టే అమిగ్డలా అనే భాగం జోరు తగ్గిందని తేల్చింది. కాకపోతే వాళ్ళంతా పెద్దవాళ్ళు, స్కానర్‌లో కదలకుండా పడుకున్నవాళ్ళు. మావాడు పడుకోవడం వరకూ పడుకున్నాడు. కదలకుండా అన్న దగ్గరే తేడా వచ్చింది.

సరే, చార్టు తీశాను. ఎరుపు కోపం, నీలం బాధ, పసుపు కంగారు, ఆకుపచ్చ ప్రశాంతం. "ఇందులో నువ్వే రంగులో ఉన్నావు?"

వాడు ఏడుపు ఆపాడు. నిజంగా ఆపాడు. చార్టు దగ్గరికి లాక్కుని, ఒక్కో మొహం మీద వేలు పెట్టి, ముక్కు ఎగబీల్చి, బాగా ఆలోచించి చెప్పాడు: "ఊదా."

"ఊదా లేదు నాన్నా. ఎరుపు చూడు, ఇదిగో..."

"ఊదా ఎందుకు లేదూ?"

ఇక గొడవ బటన్ గురించి కాదు, ఊదా గురించి. ఇంత గొంతు వాడికి ఎక్కడ ఉందో! రాత్రి కూర్చుని చదివితే తెలిసిందేమిటంటే వాడిదే రైటు. జేమ్స్ గ్రీన్, మైకేల్ పోటెగల్ అనే పరిశోధకులు చిన్నపిల్లల బట్టల్లో మైకులు పెట్టి మరీ ఈ గోలని రికార్డు చేశారు, 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కేకలూ అరుపులూ కోపానివి, ఏడుపూ సణుగుడూ బాధవి, అయితే ఒకటి అయ్యాక ఇంకోటి రాదు, రెండూ కలిసే నడుస్తాయి అని. ఎరుపూ నీలమూ కలిపితే వచ్చేది ఊదాయే కదా! పైగా అరుపులు తారస్థాయిలో ఉన్నప్పుడు ప్రశ్నలు అడిగితే గోల పెరుగుతుందంటారు పోటెగల్. మన స్కూలువాళ్ళు చార్టిచ్చి మరీ అడగమన్నారు.

ఈలోగా లిఫ్టు కుయ్‌మని ఒకటే మోత. కింద నుంచి ఎవరో "పైన ఏం చేస్తున్నారండీ" అని కేక. అంకుల్ వాచీ చూసుకుని, "ఒక్కటి తగిలించు బాబూ, అన్ని రంగులూ వాడికే కనిపిస్తాయి" అన్నారు. మెదడులో ఆవేశాన్ని అదుపు చేసే ముందు భాగం పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్ళ దాకా పడుతుందని అంటారు. మావాడికి ఇంకా టైముంది. డెబ్బై దాటిన అంకుల్ గురించి నేనేమీ అనను, రేపు మళ్ళీ అదే లిఫ్టు ఎక్కాలి.

నేను అటు చూసిన ఆ ఒక్క క్షణంలో మావాడు చార్టుని నిలువుగా పట్టుకుని, లిఫ్టుకీ ఫ్లోరుకీ మధ్య ఉండే సందులోకి, పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినట్టు వదిలేశాడు. ప్లాస్టిక్ పూతతో ఉన్న అట్ట, టపటపా కొట్టుకుంటూ ఐదంతస్తుల కిందకి పోయింది. చెవి పెట్టి చివరిదాకా విన్నాడు.

"కోపం పడిపోయింది!" అని పకపకా నవ్వి, "ఇంకోటి ఉందా నాన్నా?"

బస్సు సంగతి వదిలేయండి.

సాయంత్రం స్కూలు నుంచి మెసేజ్. వారమంతా టిక్కులు పెట్టిన చార్టు సోమవారం తిరిగి ఇవ్వాలట, పోగొట్టుకుంటే కొత్తది ఇవ్వరట, ఎందుకు పోయిందో పిల్లల చేతే చెప్పించాలట. వాడు చెప్పడానికి ఎంత ఉత్సాహంగా ఉన్నాడో వాళ్ళకి తెలీదు. అపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్తే, లిఫ్టు గుంత తెరవాలంటే మెయింటెనెన్స్ మనిషి రావాలి, ఆయన రావాలంటే మీరు లెటర్ రాసివ్వాలి అన్నారు. అక్కడే నిలబడి రాసిచ్చాను. విషయం: లిఫ్టు గుంతలో పడిన భావోద్వేగాల గురించి.

సెక్రటరీ గారు కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివి, ఆ మాట కొట్టేసి 'అట్ట ముక్క' అని రాసి తెమ్మన్నారు.