కిట్టు నీది, తిప్పలు మావి

హెల్ లెట్ లూజ్ అనే ఆన్‌లైన్ రెండో ప్రపంచ యుద్ధం గేమ్‌లో ఒక్కో జట్టుకు 50 మంది. సగం మందికి తామే కిట్టు, అంటే ఏ పాత్ర, తీసుకున్నారో పట్టదు.

ఆరుగురి స్క్వాడ్‌లో ట్యాంకుల్ని పేల్చే యాంటీ ట్యాంక్ పాత్ర ఒక్కడికే దొరుకుతుంది. ఆ మహానుభావుడేమో బజూకా వీపున వేసుకుని పొదల్లో మనుషుల కోసం వెతుకుతుంటాడు. అవతల టైగర్ ట్యాంకు చర్చి పక్కనుంచి తాపీగా వచ్చి మా అందరినీ లేపేస్తుంది. మరి ఆ బజూకా ఎందుకురా, ఫొటో దిగడానికా?

సపోర్ట్ వాడు ఇంకో రకం. 'అన్నా, పెట్టె దించు' అని ఎంత మొత్తుకున్నా ఉలకడు, పలకడు. అందులోని 50 సప్లైలు లేకుండా స్క్వాడ్‌ను నడిపే ఆఫీసర్ గ్యారిసన్, అంటే చచ్చాక మళ్లీ పుట్టే చోటు, ఎలా కడతాడు? గాలితోనా? గ్యారిసన్ లేదు కాబట్టి చచ్చిన ప్రతిసారీ మ్యాప్ అవతలి చివర నుంచి పరుగు. ఒక కిలోమీటరు మారథాన్, దార్లో మళ్లీ బుల్లెట్.

మెడిక్ సంగతి సరేసరి. కాళ్ల దగ్గర పడి అరుస్తుంటే నన్ను దాటుకుని పోతాడు, కిల్స్ ఏరుకోవడానికి.

మైక్ లేనివాడు ఆఫీసర్ అవడమేంటసలు?

అడిగితే 'ఆటే కదా బ్రో, టెన్షన్ ఎందుకు' అంటారు. మామూలు సైనికుడి పాత్ర రైఫిల్‌మన్ ఎప్పుడూ ఖాళీయే. అది తీసుకుని ఎన్ని కిల్స్ కావాలంటే అన్ని కొట్టుకో నాయనా, ఎవడొద్దన్నాడు?