చీజ్ చేసిన తప్పుకు బొప్పాయి మీద నింద

అమెరికాలో చీజ్‌లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా దొరికింది, సరుకంతా వెనక్కి తెప్పిస్తున్నారు అని వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది: "వాళ్ల డబ్బా తిండి అంతేలే." నాకైతే ఆ వార్త చూసిన ప్రతిసారీ అసూయగా ఉంటుంది. ఏ కంపెనీ, ఏ బ్యాచ్, ఏ తేదీ అని జనానికి చెప్పగలిగారు కదా! హైదరాబాద్‌లో అలాంటి ప్రకటనలు పెద్దగా వినబడవంటే మన పనీర్ అంత శుభ్రంగా ఉందని నేను నమ్మను. మనం వెతకడం లేదు, అంతే.

2024 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని రిజో లోపెజ్ ఫుడ్స్ తన చీజ్‌ని వెనక్కి తీసుకుంది. 11 రాష్ట్రాల్లో 26 మంది జబ్బు పడ్డారు, ఇద్దరు చనిపోయారు. ఆ కేసుల్లో తొలివి 2014 నాటివి. 2017లో, మళ్లీ 2021లో ఆరా తీస్తే మెత్తటి చీజ్ మీద అనుమానం వచ్చింది గానీ బ్రాండ్ తేలలేదు. అయినా రోగుల ఒంట్లో దొరికిన క్రిమి జన్యుక్రమాన్ని భద్రంగా దాచి ఉంచారు. 2024 జనవరిలో హవాయి అధికారులు మామూలు తనిఖీలో తీసిన ఒక చీజ్ శాంపిల్‌లో అదే క్రిమి దొరికింది. పదేళ్ల ఫైలు ఒక్క చీజ్ ముక్కతో కదిలింది.

ఇక్కడ మన పద్ధతి దాడులు. 2024 నుంచి హోటళ్ల వంటగదుల ఫోటోలు మన ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. బంజారాహిల్స్‌లో మోమోస్ తిని ఒక మహిళ చనిపోయాక, అదే ఏడాది అక్టోబర్ 30న, మోమోస్‌తో నంజుకునే పచ్చి గుడ్డు మయోనీజ్‌ని ఏడాదిపాటు నిషేధించారు. మంచి పనే, తప్పుపట్టను. కానీ దాడిలో మురికి వంటగది దొరుకుతుంది. అక్కడ తిన్నవాళ్లు ఎవరో, వాళ్లకేమైందో దొరకదు. తయారీదారు దగ్గర రీకాల్ ప్రణాళిక, అంటే సరుకు వెనక్కి తెప్పించే ఏర్పాటు, ఉండాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2017లోనే నిబంధనలు తెచ్చింది. మరి వీధి చివరి డెయిరీలో నీళ్ల టబ్బులోంచి తీసి, కోసి, కవర్లో వేసిచ్చే పావుకిలో పనీర్‌కు బ్యాచ్ నంబర్ ఏది? రేపు వెనక్కి తెచ్చివ్వమంటే ఎవరి ఫ్రిజ్‌లోంచి తేవాలి?

మనం పాలు కాచి తాగుతాం, పనీర్‌ని కూరలో ఉడికిస్తాం, మనకెందుకు టెన్షన్ అనేవాళ్లున్నారు. సగం నిజమే. వేడికి లిస్టీరియా చస్తుంది. కానీ పాలు విరిచాక ఆ పనీర్‌కి తగిలే గుడ్డ, నీళ్లు, కత్తి, చెయ్యి మాటేమిటి? పైగా ఇది ఫ్రిజ్ చలిలో కూడా పెరిగే క్రిమి. ఇప్పుడు మన పిల్లలు తినే శాండ్‌విచ్, చీజ్‌కేక్ పొయ్యి మీదికి వెళ్లవు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది గర్భిణుల సంగతి. 1985లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో మెక్సికన్ తరహా చీజ్ వల్ల 142 మందికి ఈ జబ్బు వచ్చింది. అందులో 93 కేసులు గర్భిణులవీ, వాళ్ల బిడ్డలవీ. మొత్తం 48 మరణాల్లో 20 మంది కడుపులోనే పోయారు, 10 మంది పుట్టాక పోయారు. తల్లికి మాత్రం చాలాసార్లు కాస్త జ్వరం, ఒళ్లునొప్పులు, అంతే. తిన్న కొన్ని వారాలకు, ఒక్కోసారి రెండు నెలలు దాటాక జబ్బు బయటపడుతుంది. అప్పటికి ఏ రోజు ఏం తిన్నదో ఎవరికి గుర్తుంటుంది?

మన ఇళ్లలో కడుపు పోయిన అమ్మాయిని ఏమడుగుతారో మనందరికీ తెలుసు. బొప్పాయి తిన్నావా? నువ్వులుండ తిన్నావా? మెట్లెక్కావా, బరువెత్తావా? నెల కిందట తిన్న పనీర్ ముక్క గురించి ఎవరూ అడగరు. అది లిస్టీరియా వల్లే పోయిందని నేననడం లేదు. కడుపు పోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. పరీక్ష చేస్తే కారణం కాగితం మీదికి వచ్చే అవకాశముంది. చేయకపోతే ఆ ఖాళీని నింద నింపుతుంది, ఆ నింద ఎప్పుడూ కోడలి మీదికే వెళ్తుంది. ఆహార భద్రత అంటే హోటల్ లైసెన్సుల వ్యవహారం అనుకుంటున్నాం. నా దృష్టిలో అది ఆడపిల్లకు జరగాల్సిన న్యాయం.

ఇందుకు కొత్త సంస్థలేం కట్టక్కర్లేదు. రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. కరోనా కాలంలో వైరస్ జన్యుక్రమాలు చదివిన పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆ పక్కనే హబ్సిగూడలో ఉంది. పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రులతో మొదలుపెట్టవచ్చు. జ్వరం వచ్చి బిడ్డను పోగొట్టుకున్న ప్రతి తల్లికీ రక్తం, మాయ కల్చర్ పరీక్ష (క్రిమిని పెంచి గుర్తించేది) ఉచితంగా చేయాలి. దొరికిన క్రిమిని నాచారంలో పనీర్ శాంపిళ్లలో దొరికినదానితో పోల్చి చూడాలి. సరిపోతే ఆ డెయిరీ పేరు బయటపెట్టాలి. సరిపోయినా, సరిపోకపోయినా రిపోర్టు తెలుగులో రాసి ఆ అమ్మాయి చేతికివ్వాలి, ఇంట్లో చూపించుకోవడానికి.